ముద్ద ముట్టని సాలెపురుగు

సాలెపురుగు తిండి మానేస్తే నీకెందుకు అంత పరేషాన్ అని నన్ను అడగని మనిషి ఆ ఏడాది నారాయణఖేడ్‌లో లేడు. అడిగినవాళ్లలో జవాబు వినడానికి నిలబడినవాడూ లేడు. అడగడం, నవ్వడం, నా షాపులోనే చాయ్ తాగి వెళ్లిపోవడం. ఇన్నేళ్ల తర్వాత రాయడానికి కూర్చున్నా ముందు కోపమే వస్తోంది.

అప్పట్లో నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉండేది. బస్ డిపో దాటాక అంగడికి మళ్లే సందులో ఒక రేకుల షెడ్డు. కాలిపోయిన బావి మోటార్లు విప్పి, మాడిన రాగి తీగ పీకి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇవ్వడం నా పని. పనికి కొదవ లేదు. కరెంటు వచ్చేదే కాసేపు, ఆ కాసేపూ వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. మోటార్లు కాలేవి. రైతు తిట్టాల్సింది కరెంటును, తిట్టేది నన్ను. "జల్దీ చెయ్యి మేస్త్రీ, చేను ఎండుతుంది" అని నెత్తిమీద కూర్చునేవాళ్లు. చేను ఎండుతోందని నాకు తెలియదా? తీగ చుట్టే చేతులు నాకూ రెండే కదా.

అలా వచ్చేవాళ్లలో కల్హేర్ వైపు పల్లె నుంచి ఒక రైతు ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు, పెద్దవాడని కాకా అనేవాణ్ని. తొలకరికి ముందు ఒకరోజు, ఏడాదిగా బావి గట్టున పడి ఉన్న మోటారును ఆటోలో వేసుకొచ్చాడు. వెనక ఫ్యాన్ కవరు విప్పగానే లోపలి నుంచి అరచేతి నిండా పట్టేంత సాలెపురుగు బయటికొచ్చింది. మట్టి రంగు, ఒళ్లంతా బొచ్చు. గోడల మూలల్లో గూడు అల్లుకునే సన్నకాళ్ల సాలీడు కాదు, నేలలో బొరియ చేసుకుని బతికే రకం. దాన్ని టరాంటులా అంటారని నాకు తర్వాత తెలిసింది.

కాకా కాలి చెప్పు తీశాడు. "పక్కకు జరుగు మేస్త్రీ, ఒక్కటేస్త."

సాలెపురుగు పారిపోలేదు. ముందుకాళ్లు రెండూ ఎత్తి, అంత పెద్ద చెప్పుకు ఎదురు నిలబడింది. నాకు అది నచ్చింది. రోజంతా ఎవరెవరి చేతో తిట్లు తినే నేను ఒక్కనాడూ అలా నిలబడలేదు. కాకా చెయ్యి పట్టుకున్నాను.

"సంపద్దా? మరి ఏం జేస్తవ్, సాదుకుంటవా?" అన్నాడు.

"సాదుకుంట," అన్నాను. ఆ క్షణం దాకా నాకు ఆ ఆలోచనే లేదు. ఆయన ఎగతాళికి పంతం పుట్టింది.

"సాదుకుంటె ఏం ఫాయిదా? పాలిస్తదా, గుడ్డు వెడ్తదా?"

ఆ ఫాయిదా అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా దగ్గర గేదె పాలకు, మేక కోతకు, కుక్క కాపలాకు. ప్రతి ప్రాణీ పొద్దున లేచి తన తిండి తాను సంపాదించుకోవాలి. కల్లు దుకాణం ముందు పొద్దంతా కూర్చునేవాళ్లను మాత్రం నీ ఫాయిదా ఏందని ఎవరూ అడగరు.

బేకరీలో బన్నులు పెట్టే పాత అద్దాల పెట్టె ఒకటి సంపాదించాను. అడుగున నల్లమట్టి పోసి, దాగడానికి కొబ్బరి చిప్ప సగం బోర్లించి, నీళ్లకు సీసా మూత పెట్టాను. మూతకు గాలి బెజ్జాలు కొట్టాను. మొదట షాపులోనే ఉంచాను కానీ వార్నిష్ వాసనకు నాకే తల తిరిగేది, దానికి ఏమవుతుందోనని భయమేసి ఇంటికి తీసుకుపోయాను. ఇంట్లో నేనూ మా అమ్మా ఇద్దరమే. మేము అమ్మను అవ్వ అంటాం. పెట్టె చూసి అవ్వ గుమ్మంలోనే ఆపేసింది.

"నీకు పిల్లనియ్యనీకి ఎవలన్న వస్తె నేనేం సూపియ్యాలె? గీ పురుగునా?"

"సూపియ్యి. దాన్ని సూసి ఉరికేటోళ్లు ఎట్లయినా నాకు పిల్లనియ్యరు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను షాపు నుంచి వచ్చేసరికి సీసా మూతలో నీళ్లు మార్చి ఉన్నాయి. అడిగితే, "మబ్బు నీళ్లుండె, మారిస్తి," అంది. అంతే.

వానాకాలమంతా అది బాగా తిన్నది. మా వంటింటి బొద్దింకలు, స్నానాల గది కీచురాళ్లు, అన్నీ దానికే. నేను చిమటాతో, అదే పట్టకారుతో, పట్టి లోపల వదిలితే కొబ్బరి చిప్ప కింది నుంచి ఒక్క ఉదుటున వచ్చి పట్టేది. దసరా సెలవుల నాటికి తిండి మానేసింది. బొద్దింకను వదిలితే, అది సాలెపురుగు కాలు తొక్కుకుంటూ తిరిగినా పట్టించుకోలేదు. రోజులు గడిచాయి. పొట్ట మీద బొచ్చు రాలి ఒకచోట నున్నగా, నల్లగా కనబడసాగింది. చిప్ప పక్కన కదలకుండా కూర్చునేది. నాకు షాపులో చెయ్యి ఆడేది కాదు. తీగ చుట్లు తప్పి, చుట్టినదంతా మళ్లీ విప్పుకునేవాణ్ని.

మేకలకు, గొర్రెలకు సూదులు వేసే ఒకాయన మా వీధిలో ఉండేవాడు. పెట్టె మోసుకుని ఆయన దగ్గరికి పోయాను. అద్దం దగ్గర కళ్లు పెట్టి చాలాసేపు చూశాడు.

"దీనికి నరం యాడున్నది? అది సూపియ్యి, సూది నేనేస్త."

"నాకెరుకుంటె నీ దగ్గరికెందుకొస్త?"

"గట్లయితె గ్లూకోస్ నీళ్లు తాపు."

"ఎట్ల తాపాలె?"

"చెంచాతోని," అన్నాడు. నవ్వకుండా అన్నాడు, అది ఇంకా మండింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. చాయ్ దుకాణంలో ఒకడు దిష్టి తగిలిందన్నాడు. ఒకడు ఎండలో పెట్టమన్నాడు. ఇంకొకడు, "కోడిపిల్లను ఎయ్యి, తింటది," అన్నాడు. వాడింట్లో కోడిపిల్లను పిల్లి ఎత్తుకుపోతే ఊరంతా శాపనార్థాలు పెడుతూ తిరిగిన మనిషి వాడు. జ్వరమొచ్చిన మనిషిని ఇలా వినోదంగా చూస్తారా? మనిషైతే తల పట్టుకుని అయ్యో అంటారు. బొచ్చు కాళ్లుంటే అయ్యో అనడానికి నోరు రాదు.

అప్పటికి నెట్ సెంటర్లు ఇంకా నడుస్తున్నాయి. ఒక మధ్యాహ్నం షాపు మూసి వెళ్లి కూర్చున్నాను. పక్కవాళ్లు హాల్ టికెట్లు తీసుకుంటున్నారు, నా తెర మీద సాలెపురుగుల బొమ్మలు. సెంటర్ నడిపే అతను ఒకసారి వెనక నుంచి చూసి, కుర్చీ తీసుకుని దూరంగా జరిగాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు మోటారు పేరు పలకల మీద నేర్చుకున్నది. కూడబలుక్కుంటూ చదివాను. పాము కుబుసం విడిచినట్టే ఇదీ పాత తోలు విడుస్తుందట. దానికి ముందు వారాల తరబడి తినదట. పొట్ట నల్లబడటం దానికి గుర్తట. బలవంతంగా ఏమీ పెట్టొద్దు, నీళ్లు మాత్రం ఉంచండి అని రాసి ఉంది. ప్రాణం లేచొచ్చింది.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. నేను ఇంకా కిందికి చదివాను. అక్కడ చావుకు ఎన్ని దారులున్నాయో రాసి పెట్టారు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది పురుగుల మందు. మందు కొట్టిన చోట పట్టిన మిడతను తింటే సాలెపురుగుకు కాళ్లు వణుకుతాయి, తాగినట్టు తూలుతుంది, దానికి మందు లేదు. పొలాల నుంచి తెచ్చిన పురుగులు ఎప్పుడూ పెట్టకండి. ఇంటికి వచ్చి ఇదంతా అవ్వకు చెప్పాను.

"బయట పట్టిన పురుగు ఒక్కటి గూడ ఎయ్యకు, సూడు."

"నేనెందుకేస్త? అది తింటనే లేదు గద," అంది. గొంతులో దిగులు నాకు వినిపించింది.

ఆ రోజు నుంచి పొద్దున లేవగానే దాని కాళ్ల దగ్గర కళ్లు పెట్టుకుని కూర్చోవడం నాకు అలవాటైంది. వణుకు ఉందా, లేదా. ఒక్కోసారి నా ఊపిరి తగిలి అద్దం మసకబారితే అదే వణికిందనుకుని, అద్దం తుడిచి మళ్లీ చూసేవాణ్ని.

అవ్వ తన పద్ధతిలో తాను చేసింది. ఆదివారం చర్చిలో ఆడవాళ్లు ఒకరి బాధలు ఒకరు చెప్పుకుని ప్రార్థన చేస్తారు. అవ్వ లేచి నిలబడి దాచకుండా చెప్పిందట: "మా ఇంట్ల ఒక సాలెపురుగున్నది. తిండి ముడుతలేదు. దాన్ని సూసి నా కొడుకు గూడ సక్కగ తింటలేడు. ఇద్దరి కోసం ప్రార్థన చెయ్యిండ్రి." చేశారట కూడా. నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?

మరుసటి రోజు నుంచి మనుషులు రావడం మొదలైంది. మా దగ్గర ఒక రివాజు ఉంది. బీమారున్న ఇంటికి ఖాళీ చేతులతో పోకూడదు. మనిషికైతే అరటిపండ్లు, బ్రెడ్డు. సాలెపురుగుకు ఏం తీసుకుపోతారు? అగ్గిపెట్టెల్లో కీచురాళ్లు, సబ్బు డబ్బాల్లో బొద్దింకలు, ఆకులో చుట్టిన పురుగులు. మొన్నటిదాకా దాన్ని చెప్పుతో కొట్టు అన్న నోళ్లే ఇప్పుడు, "పాపం, బక్కగయింది," అంటున్నాయి. ఒకామె అరటిపండ్లు తెచ్చింది, అవి అవ్వకు.

"ఇంటికి తెచ్చినోళ్లను కాదంటమా," అని అవ్వ అన్నీ తీసుకునేది. నేను వచ్చి అన్నీ పెరట్లో వదిలేసేవాణ్ని. నవ్వుకు కోపం తెచ్చుకోవచ్చు. ప్రేమతో అగ్గిపెట్టె పట్టుకొచ్చిన మనిషి మీద ఎట్లా కోపం తెచ్చుకోవాలి? తెచ్చుకున్నాను. లోపల్లోపల కుతకుతా ఉడికాను. ఈ మనుషులకు ప్రాణం తీయడమూ చేతి పనే, ప్రాణం పోయడమూ చేతి పనే. చేతులు కట్టుకుని ఊరుకోవడం ఒక్కటే రాదు.

ఒక అంగడి రోజున కాకా వచ్చాడు. నేను షాపులో ఉండగా నేరుగా ఇంటికే పోయాడు. మధ్యాహ్నం అన్నానికి నేను వెళ్లేసరికి గుమ్మం పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. అవ్వ ముఖం వెలిగిపోతోంది.

"కాక ఎసొంటియి తెచ్చిండో సూడు. ఒక్కటి గూడ ఎగురుతలేదు. బీమారున్నదానికి ఉరికి పట్టే తాకత్ యాడిది? గివయితె కూసున్నకాడనే తింటది. మూడు ఏసిన."

మంచం మీద కాకా తువ్వాల మూట విప్పి ఉంది. అందులో బలిసిన మిడతలు. పక్కకు ఒరిగి, కాళ్లు గాలిలో కొట్టుకుంటున్నాయి. మిడత ఎగరకపోవడం ఏమిటి? తువ్వాల ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఘాటైన వాసన. మా ప్రాంతంలో తొగరి అని పిలిచే కంది పూతకొచ్చిన రోజుల్లో, ఏ చేను పక్కన బస్సు ఆగినా వచ్చే వాసనే.

"కాకా, ఇవి యాడ వట్టినవ్?"

"మన తొగరి చేన్లనే. పూత మీదున్నది. మీ అవ్వ ప్రార్థన పెట్టిచ్చిందని మా ఊర్ల తెలిసింది. మా మోటర్లకెళ్లి వచ్చిన పురుగాయె, నేను రాకుంటె ఎట్ల? ఖాలీ చేతులతోని ఎట్లొస్త?"

"మందు కొట్టినవా చేనుకు?"

"ఔ. పొద్దుగాలనే కొట్టిన. అందుకే గద గంత అల్కగ దొరికినయి."

ఏ మాటలన్నానో అన్నీ రాయలేను. మనిషివా పశువువా అన్నాను. మెదడు ఇంట్లో పెట్టి వచ్చావా అన్నాను. విషం తినిపించడానికి అంత దూరం నుంచి రావాలా అన్నాను. అవ్వను కూడా వదల్లేదు. చిమటా తీసుకుని పెట్టె ముందు కూలబడ్డాను. మూడు మిడతల్లో రెండు మూలలో ఉన్నాయి. ఒకటి సరిగ్గా సాలెపురుగు నోటి ముందు కొట్టుకుంటోంది. దాన్ని ముట్టుకుందా, లేదా? చిమటా రెండుసార్లు జారింది. మూడింటినీ బయటికి తీశాను. మూడూ నిండుగా ఉన్నాయి, ఒక్క కాలు కూడా పోలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. దాని కాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను. వణుకు లేదు. మళ్లీ చూశాను. లేదు.

గలగలమని చప్పుడు వినిపించింది. కాకాకు అవ్వ ఇచ్చిన స్టీలు గ్లాసు మంచం పట్టెకు తగిలి మోగుతోంది. ఆయన చెయ్యి దాన్ని నిలపలేకపోతోంది. తల తిప్పి మొదటిసారి ఆయన్ని చూశాను. చొక్కా వీపంతా తడిసి ఉంది. కళ్ల నుంచి నీళ్లు, నోటి పక్క నుంచి చొంగ, తుడుచుకుంటే మళ్లీ వస్తోంది. కింది కనురెప్ప దానంతట అదే అదురుతోంది.

"ఎప్పటిసంది గిట్లున్నది కాకా?"

"పొద్దుగాలటిసంది. ఎండకు. రెండుసార్లు కక్కిన గూడ. ఏం గాదు."

"మూతికి బట్ట కట్టుకోలేదా?"

"ఉన్న బట్ట గదే," అన్నాడు తువ్వాల చూపిస్తూ. "మిడతలు కట్టుకొచ్చిన."

లేవబోయి తూలాడు. తాగినట్టు తూలాడు. నేను తెర మీద కూడబలుక్కుని చదివిన మాటలన్నీ నా కళ్ల ముందు నడిచాయి. అవ్వ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చాం. ఆటోవాడికి కేకేశాను. దారిలో కాకా నా భుజం మీద తల వాల్చి, "గంత తిట్టినవేంది మేస్త్రీ," అన్నాడు. చేనుకు మందు కొట్టిన సంగతి దవాఖానలో చెప్పగానే వెంటనే లోపలికి తీసుకుపోయి సూదులు వేశారు. సాయంత్రానికి ఆయన పల్లె నుంచి మనుషులు వచ్చారు. వాళ్లలో సగం మంది చేతులకూ అదే వాసన.

సాలెపురుగు బతికింది. మిడతల జోలికే పోలేదు. పెట్టెలో మట్టంతా పారబోసి కొత్తది పోశాను, అద్దాలు కడిగాను. తర్వాత కొన్నాళ్లకు వెల్లకిలా పడుకుని పాత తోలు విడిచి, మెరిసే కొత్త ఒంటితో లేచింది. ఊరంతా కలిసి తినిపించాలని చూసినా వద్దని కూర్చోబట్టే దాని ప్రాణం నిలిచింది.

కాకాను చూడటానికి రెండో రోజు దవాఖానకు పోయాను. ఖాళీ చేతులతో పోనివ్వక అవ్వ బ్రెడ్డు పొట్లం పెట్టింది. చేతికి సెలైను ఎక్కుతోంది. నన్ను చూడగానే లేచి కూర్చోబోయాడు.

"తిన్నదా?"

"తినలే."

"ఎహె. గంత కష్టపడి తెస్తి." నిజంగానే చిన్నబుచ్చుకున్నాడు. "ఎల్లుండికి ఇంటికి తోలుతరట. తూర్పు దిక్కు ఇంక కొట్టేదున్నది. సగం డబ్బ మందు మిగిలింది," అన్నాడు.

నాకు నెత్తురు తలకెక్కింది. పక్క మంచాల వాళ్లు చూస్తున్నా గొంతు తగ్గించలేదు. "మల్ల కొడ్తవా? ఒళ్లు తెలుస్తుందా నీకు? పెద్దమనిషివి, నోట్లెకు విషం పోతుంటె పురుగుకున్న అకల్, తెలివి గూడ లేదా? వద్దని మూతి తిప్పుకొని కూసున్నది అది. నువ్వు గట్ల కూసోలేవా?"

కాకాకు కోపం రాలేదు. నేనేదో సేద్యం గురించి తెలియక మాట్లాడుతున్నట్టు చూశాడు.

"దానికేంది బిడ్డా, తినకున్నా నడుస్తది. మాకు నడుస్తదా?"

పొట్లం విప్పి బ్రెడ్డు ముక్క చేతిలో పెట్టాను. ఆ చెయ్యి ఇంకా కొద్దిగా వణుకుతూనే ఉంది. బ్రెడ్డు నోటి దాకా పోవడానికి రెండో చెయ్యి సాయం తెచ్చుకున్నాడు.